పాత్రకు దక్కిన మన్నన: లెస్లీ చియుంగ్ కళాజీవితం, వివాదాలు

ఇరవయ్యో శతాబ్దపు చివరి పాతికేళ్లలో హాంకాంగ్ అనే ఒక్క నగరం తన పరిమాణంతో ఏమాత్రం పొంతన లేనన్ని పాటలనూ సినిమాలనూ తూర్పు ఆసియా అంతటికీ పంపింది. ఆ రెండు రంగాల్లోనూ ఒకే సమయంలో అగ్రస్థానంలో నిలిచినవాళ్లు బహు కొద్దిమంది కాగా, వాళ్లలో లెస్లీ చియుంగ్ (1956–2003) పేరు ఇప్పటికీ మొదట తలుచుకునే పేర్లలో ఒకటి. సినీతారల వివాదాలు అనగానే డబ్బు లావాదేవీలో, కోర్టు కేసులో, తాగి చేసిన రభసలో గుర్తుకు రావడం సహజమే గాని, ఈయన చుట్టూ రేగిన పెద్ద వివాదాల్లో అలాంటిది ఒక్కటీ లేదు. ఒక పురుషుడు వేదిక మీద ఎలాంటి బట్టలు కట్టవచ్చు, ఎంత జుట్టు పెంచవచ్చు, ఎవరితో కలిసి నర్తించవచ్చు, ఒక ప్రేమపాటను ఎవరి పేరు చెప్పి పాడవచ్చు అన్న ప్రశ్నల చుట్టూనే అవన్నీ తిరిగాయి. వెండితెర మీద పాత్రగా ఆయన ఏం చేసినా చప్పట్లు కొట్టిన సమాజమే, అదే పనిని ఆయన సొంత పేరుతో చేసినప్పుడు భరించలేకపోయింది. పాత్రకు దక్కిన మన్నన మనిషికి ఎందుకు దక్కలేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆయన పాడిన భాష గురించి ముందుగా కొంత చెప్పుకోవలసి ఉంది. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలోనూ హాంకాంగ్‌లోనూ మాట్లాడే భాష కాంటనీస్. బీజింగ్ పరిసరాల భాష మీద ఆధారపడిన అధికారిక చైనీస్‌ను మాండరిన్ అంటారు. రాతలో ఇవి దాదాపు ఒకే లిపిని పంచుకున్నా, చెవికి వినిపించే తీరులో ఒకరి మాట మరొకరికి అర్థం కానంత దూరం ఉంది. 1960ల హాంకాంగ్‌లో చదువుకున్న యువత ఇంగ్లీషు పాటలు వినేది, పెద్దలు మాండరిన్ పాటలు వినేవారు, ఇంట్లో మాట్లాడే కాంటనీస్‌లో ఆధునికమైన పాట రావడం మాత్రం తక్కువస్థాయి వ్యవహారంగా చెలామణీ అయ్యేది. 1967లో ఉచిత టెలివిజన్ ప్రసారాలు మొదలై, వాటి ధారావాహికలకు శీర్షిక గీతాలు అవసరం కావడంతోనూ, 1974 నాటి నుంచి గాయకుడు శామ్ హుయ్ సినిమాల కోసం వాడుక మాటలతో పాటలు కట్టి పాడడంతోనూ ఆ చిన్నచూపు పోయింది. ఆ విధంగా పుట్టిన పాటల సంప్రదాయాన్నే కాంటోపాప్ అంటున్నారు.

కాంటోపాప్‌లో పాటల రచయిత పడే కష్టం తెలుగు పాఠకులకు సగం తెలిసినదే, సగం కొత్తది. ముందే సిద్ధమైన బాణీకి మాటలు కూర్చడం తెలుగు సినీకవులకు నిత్యకృత్యం. అక్కడ లఘువులు, గురువులు, విరుపులు సరిపోతే పాట నిలబడుతుంది. కాంటనీస్‌లో అవి సరిపోయినా చాలదు, ఎందుకంటే అది స్వరభేదాన్ని బట్టి అర్థం మారే భాష. ‘సి’ అన్న ఒకే అక్షరాన్ని ఎత్తు స్థాయిలో నిలిపి పలికితే కవిత, కింది నుంచి పైకి సాగదీస్తే చరిత్ర, మధ్య స్థాయిలో పలికితే ప్రయత్నించడం, బాగా కిందికి దించితే కాలం, కింది నుంచి కొద్దిగా ఎత్తితే సంత, కింది స్థాయిలోనే నిలిపితే విషయం అన్న అర్థాలు వస్తాయి. అందువల్ల బాణీ పైకి వెళ్లే చోట కిందికి దిగే మాట వేస్తే శ్రోతకు వినిపించేది వేరే మాట. 1980లలో కాంటోపాప్ విజయాల్లో అనేకం జపనీస్ బాణీల మీద కట్టినవే కాబట్టి, పరాయి భాష కోసం పుట్టిన రాగపు ఎత్తుపల్లాలకు సరిగ్గా అమరే మాటల కోసం అక్కడి కవులు చేసిన వెతుకులాట అసామాన్యమైనది. గాయకుడు చేయవలసిందల్లా ఆ అమరికను చెడగొట్టకుండా అందులో ఊపిరి పోయడం. లెస్లీ కంఠం చాలా ఎత్తుకు వెళ్లే కంఠం కాదు. మంద్రంలో నిండుగా పలుకుతూ, పదం చివర కొద్దిగా గాలి వదిలే ఆ కంఠానికి ఈ పని బాగా తెలుసు.

ఆయన 1956 సెప్టెంబర్ 12న కౌలూన్‌లో, పదిమంది సంతానంలో ఆఖరివాడిగా పుట్టాడు. చైనీస్ పేరు చియుంగ్ క్వోక్ వింగ్. చైనీయుల పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది. తండ్రి పేరున్న దర్జీ. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్, విలియమ్ హోల్డెన్ వంటి హాలీవుడ్ ప్రముఖులు ఆయన దగ్గర సూట్లు కుట్టించుకునేవారు. వేదిక మీద దుస్తుల విషయంలో లెస్లీ చూపిన పట్టింపుకు మూలాలు ఆ దుకాణంలోనే ఉన్నాయనుకోవడం తప్పు కాదు. ఇంగ్లండ్‌లో బడి చదువు పూర్తిచేసి లీడ్స్ విశ్వవిద్యాలయంలో వస్త్ర పరిశ్రమకు సంబంధించిన కోర్సులో చేరి, తండ్రికి జబ్బు చేయడంతో మధ్యలోనే ఇంటికి తిరిగివచ్చాడు. 1977లో ఒక టెలివిజన్ సంస్థ నిర్వహించిన ఆసియా గాయకుల పోటీలో ‘అమెరికన్ పై’ అన్న ఇంగ్లీషు పాట పాడి రెండో స్థానం తెచ్చుకున్నాడు.

ఆ తర్వాతి అయిదారేళ్లు వరుస పరాజయాలే. తొలి రికార్డులు అమ్ముడుపోలేదు. 1978లో వచ్చిన తొలి సినిమా శృంగారాన్నే సరుకుగా చేసి తీసినది, దాన్ని ఆయన తరవాత ఎన్నడూ గర్వంగా చెప్పుకోలేదు. ఆ రోజుల్లోనే ఒక సభలో పాడుతూ, తారలు చేసే పద్ధతిలో తల మీద టోపీ తీసి జనంలోకి విసిరితే, జనం ఆ టోపీని తిరిగి వేదిక మీదికే విసిరారు. ఈ సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ప్రేక్షకుడికి ఏదైనా ఇవ్వాలంటే ముందు దాన్ని పుచ్చుకునే మనసు అవతల ఉండాలన్న పాఠాన్ని ఇంత మొరటుగా నేర్చుకున్న గాయకులు అరుదు.

1983లో జపాన్ గాయని మొమోయె యామాగుచి వీడ్కోలు పాట బాణీకి కాంటనీస్ మాటలు కట్టించి పాడిన ‘ద విండ్ బ్లోస్ ఆన్’ ఆయన్ను నిలబెట్టింది. 1984లో కోజీ కిక్కావా పాట మీద ఆధారపడిన ‘మోనికా’ ఊరంతటినీ ఊగించింది. ఆ నాటికే గాయకుల్లో రారాజు అలన్ టామ్. 1984 నుంచి 1987 దాకా వరుసగా నాలుగేళ్లు టెలివిజన్ వారి ఉత్తమ గాయకుడి బహుమతి ఆయనదే. ఇద్దరి అభిమానులు రెండు జట్లుగా చీలి, అవతలివాడు వేదిక ఎక్కితే గోల చేయడం, బహుమతి సభల్లో తిట్టుకోవడం దాకా వెళ్లారు. తెలుగునాట హీరోల అభిమాన సంఘాల మధ్య గొడవలు చూసినవారికి ఈ వాతావరణాన్ని విడమరిచి చెప్పనవసరం లేదు. 1988 ఆరంభంలో అలన్ టామ్ ఇకపై పోటీ బహుమతులు పుచ్చుకోనని ప్రకటించాడు. 1988, 1989 సంవత్సరాల బహుమతులు లెస్లీకి వచ్చాయి గాని, వాటి వెంట అవతలి అభిమానుల ఆగ్రహమూ వచ్చింది.

1989లో, కీర్తి శిఖరాన ఉండగా, ముప్పై మూడేళ్ల వయసులో ఆయన గాయకుడిగా విరమించుకుంటున్నానని ప్రకటించడం అప్పట్లో పెద్ద సంచలనం. హుంగ్‌హోమ్ కొలీజియం అనేది 1983లో తెరుచుకున్న, తలకిందులైన పిరమిడ్ ఆకారంలో ఉండే, పన్నెండున్నర వేల సీట్ల మందిరం. హాంకాంగ్ గాయకుడి స్థాయిని అక్కడ వరుసగా ఎన్ని రాత్రులు పాడాడన్న లెక్కతో కొలిచేవారు. 1989 డిసెంబర్ నుంచి 1990 జనవరి దాకా లెస్లీ అక్కడ 33 రాత్రులు వీడ్కోలు కచేరీలు చేశాడు. ఆఖరి రాత్రి పాట ముగిశాక మైకును వేదిక మీద ఒక పీఠంలో ఉంచి, ఇక దాన్ని ముట్టనన్నట్లు వదిలి వెళ్లిపోయాడు. తర్వాత కెనడాలోని వాంకూవర్‌కు మకాం మార్చాడు. 1984 నాటి బ్రిటన్–చైనా ఒప్పందం ప్రకారం 1997లో నగరం చైనాకు దక్కనుండడం, 1989 జూన్‌లో బీజింగ్‌లో జరిగిన కాల్పులు కలిసి హాంకాంగ్ మధ్యతరగతిని పెద్ద ఎత్తున కెనడా, ఆస్ట్రేలియా దారి పట్టిస్తున్న కాలమది. గాయకుడి వలస కూడా ఆ పెద్ద వలసలో భాగమే.

నటుడిగా మాత్రం ఆయన విరమించలేదు. 1986లో జాన్ వూ తీసిన ‘ఎ బెటర్ టుమారో’లో అన్న నేరస్థుడని కుమిలిపోయే పోలీసు తమ్ముడిగా, 1987లో ‘ఎ చైనీస్ ఘోస్ట్ స్టోరీ’లో దయ్యాన్ని ప్రేమించే అమాయకపు పన్ను వసూలుదారుగా, స్టాన్లీ క్వాన్ ‘రూజ్’లో ప్రియురాలితో కలిసి చావడానికి ఒప్పుకుని ఆఖరికి ధైర్యం చాలక బతికిపోయిన ధనికుల బిడ్డగా ఆయన అప్పటికే మూడు భిన్నమైన దారులు తొక్కి ఉన్నాడు. 1990లో వాంగ్ కార్‌వై తీసిన ‘డేస్ ఆఫ్ బీయింగ్ వైల్డ్’ వీటన్నిటినీ మించింది. కన్నతల్లి ఎవరో తెలియని, ఎవరినీ ప్రేమించలేని యువకుడు లోపలి బనీను, చెడ్డీతో అద్దం ముందు నిలబడి ఒంటరిగా మాంబో నృత్యం చేసే ఘట్టంలో మాట లేదు, కథ ముందుకు జరగదు. తన అందాన్ని తనే చూసుకుంటున్న మనిషి తాలూకు తృప్తి, ఆ తృప్తి చాటున ఉన్న ఖాళీ రెండూ ఆ భుజాల కదలికలోనే కనిపిస్తాయి. ఆ సినిమా వసూళ్లలో దెబ్బతిన్నా ఆయనకు హాంకాంగ్ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ నటుడి గౌరవం తెచ్చింది. ఆయన నటనలో ఇంతకన్నా పొదుపైన ఘట్టం మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు.

ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది 1993లో, చెన్ కైగె దర్శకత్వంలో వచ్చిన ‘ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్’తో. ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారమైన పామ్ డోర్‌ను ఆ చిత్రం జేన్ కాంపియన్ ‘ద పియానో’తో పంచుకుంది. లిలియన్ లీ నవల మీద ఆధారపడిన ఈ కథ 1924 నుంచి 1977 దాకా, అంటే యుద్ధనాయకుల కాలం నుంచి జపాన్ ఆక్రమణ, కమ్యూనిస్టు విజయం, సాంస్కృతిక విప్లవం దాటి వచ్చేదాకా, పెకింగ్ ఒపేరా నటులిద్దరి జీవితాలను అనుసరిస్తుంది. పెకింగ్ ఒపేరా పాట, అభినయం, విన్యాసం కలిసిన రంగస్థల రూపం. అందులో స్త్రీ పాత్రను ‘దాన్’ అంటారు, దాన్ని చాలాకాలం పురుషులే ధరించారు. ఆ పాత్రల్లో విశ్వవిఖ్యాతుడైన మెయ్ లాన్‌ఫాంగ్ ప్రదర్శనను 1924లో బీజింగ్ వెళ్లిన రవీంద్రనాథ్ టాగోర్ చూశారు. కాకతాళీయంగా సినిమా కథ మొదలయ్యేదీ ఆ ఏడాదే. తెలుగు పాఠకులకు ఈ సంప్రదాయం వింతేమీ కాదు. స్థానం నరసింహారావు రంగస్థలం మీద సత్యభామగా నిలిచిన రోజులూ, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ అదే సత్యభామను ఆవాహన చేసుకున్న తీరూ ఇంకా జ్ఞాపకాల్లో ఉన్నాయి.

సినిమాలో లెస్లీ ధరించిన దియెయీ పాత్రకు చిన్నతనంలో స్త్రీ వేషం మీద మనసు లేదు. తాను ఆడపిల్లనని చెప్పే ఒక పాదాన్ని అప్పగించవలసి వచ్చిన ప్రతిసారీ ఆ కుర్రవాడు తాను మగపిల్లవాణ్ణనే పలుకుతాడు, ప్రతిసారీ దెబ్బలు తింటాడు. చివరకు బృందానికి అవకాశం ఇవ్వవలసిన పెద్దమనిషి ఎదుటే మళ్లీ తప్పితే, ప్రాణస్నేహితుడే గురువు పొగగొట్టం తీసుకుని అతని నోట్లో కుక్కి తిప్పుతాడు. పెదవి అంచున నెత్తురు కారుతుండగా ఆ కుర్రవాడు లేచి నిలబడి ఆ పాదాన్ని సరిగ్గా, అందంగా, ఒక్క తడబాటు లేకుండా చెబుతాడు. ఈ ఘట్టంలో ఉన్నది బాలనటుడే గాని, పెద్దవాడైన దియెయీగా లెస్లీ చేసినదంతా ఈ నెత్తుటి గీత నుంచి బయలుదేరినదే. ఇంతటి హింసతో నేర్పిన అబద్ధాన్ని ఒక మనిషి తన ఏకైక సత్యంగా స్వీకరిస్తే ఏమవుతుందో ఆయన చూపించాడు. స్నేహితుడు వేదిక దిగగానే మామూలు మగవాడైపోయి పెళ్లి చేసుకుంటాడు. దియెయీకి మాత్రం వేదిక దిగడం తెలియదు.

ఈ పాత్ర కోసం కాంటనీస్ గాయకుడైన లెస్లీ ముందుగానే బీజింగ్‌లో ఉండి పెకింగ్ ఒపేరా నడక, చేతుల భంగిమలు, మాండరిన్ మాట అన్నీ అభ్యసించాడు. అయినా పూర్తయిన సినిమాలో ఆ పాత్ర మాటలు చాలావరకు మరో నటుడి గొంతులో వినిపిస్తాయి, ఒపేరా పాటలు ఆ విద్యలో ఆరితేరిన కళాకారుడివి. వృత్తిరీత్యా గాయకుడైన వ్యక్తి, గాయకుడి పాత్రలో, తన గొంతు లేకుండా మిగిలాడన్నమాట. ఆయనకు దక్కినవి కళ్లు, మెడ, వేళ్లు మాత్రమే. దాన్ పాత్రధారి వేళ్లను పువ్వు రేకుల్లా విప్పి చూపే భంగిమ ఒకటుంది. వేదిక మీద ఆ భంగిమ నిండుగా ఉంటుంది, నల్లమందు అలవాటుతో కుంగిన రోజుల్లో అదే చెయ్యి గాలిలో సగం దాకా లేచి ఆగిపోతుంది, సాంస్కృతిక విప్లవంలో రంగులు పులిమిన ముఖంతో వీధిలో మోకాళ్ల మీద నిలబడి తనవాళ్ల గుట్టునే రట్టు చేసే వేళ ఆ వేళ్లు ఆకారం కోల్పోతాయి. గొంతు తన అధీనంలో లేని నటుడు ఇంత చెప్పగలగడం ఆ సినిమాకు దక్కిన ఏ పురస్కారం కన్నా చిన్న విషయం కాదు.

సినిమా మీద రేగిన వివాదం రెండు వైపుల నుంచి వచ్చింది. చైనాలో అధికారులు దాని ప్రదర్శనను మొదలైన కొద్దికాలానికే ఆపివేసి, కొన్ని కోతలతో తిరిగి అనుమతించారు. సాంస్కృతిక విప్లవం చిత్రణ, పురుషుల మధ్య అనురాగం, 1977లో, అంటే విప్లవకాలం ముగిశాక, కథానాయకుడు ఆత్మహత్య చేసుకోవడం వాళ్లకు మింగుడుపడలేదు. మరోవైపు, పురుషుణ్ణి ప్రేమించే పురుషుడు దెబ్బల వల్ల తయారవుతాడన్నట్లు సినిమా చూపిందని, నవలలో సూటిగా ఉన్న అనురాగాన్ని దర్శకుడు మసకబార్చాడని విమర్శకులు ఎత్తిచూపారు. ఈ రెండో విమర్శలో న్యాయం ఉంది. 2002లో హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో లెస్లీ స్వయంగా ఈ పాత్ర నవలలో ఎలా ఉంది, తెర మీదికి ఎలా వచ్చింది అన్న ప్రశ్నను తీసుకుని మాట్లాడడం, తన పని గురించి ఆయన ఎంత లోతుగా ఆలోచించేవాడో తెలుపుతుంది. జనప్రియ తారలు సాధారణంగా దర్శకుడి ఆలోచనతో ఉన్న తేడాను బయటపెట్టరు.

ఇక్కడ హాంకాంగ్ చట్టం సంగతి గుర్తుంచుకోవాలి. బ్రిటిష్ వలస పాలన నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం పురుషుల మధ్య లైంగిక సంబంధం అక్కడ 1991 దాకా నేరం. చట్టం మారినంత మాత్రాన పత్రికల తీరు మారలేదు. పైగా 1990లలో తారల ఇళ్ల ముందు కాపు కాసి, కార్ల వెంట పడి ఫొటోలు తీసే పత్రికా సంస్కృతి ఊపందుకుంది. అలాంటి ఫొటోగ్రాఫర్ల గుంపును కాంటనీస్‌లో కుక్కపిల్లల దళం అని పిలవడం పరిపాటి అయింది. లెస్లీకి 1980ల నుంచి ఒక జీవిత సహచరుడు ఉన్నాడన్న సంగతి నగరంలో అందరికీ తెలుసు. అందరికీ తెలిసినా ఎవరూ నేరుగా చెప్పని విషయంగా అది ఉన్నంతకాలం పెద్ద ఇబ్బంది లేదు. 1994లో పీటర్ చాన్ తీసిన హాస్యచిత్రం ‘హీ ఈజ్ ఎ ఉమన్, షీ ఈజ్ ఎ మ్యాన్’లో, మగవేషం వేసుకున్న అమ్మాయిని మగవాడనుకునే ప్రేమించి తల్లడిల్లే సంగీత దర్శకుడిగా ఆయన నటిస్తే జనం హాయిగా నవ్వుకున్నారు. చివరికి ప్రేమించినది అమ్మాయినే అని తేలుతుంది గనుక ఆ నవ్వుకు ఏ ప్రమాదమూ లేదు.

1995లో ఆయన పాటల రంగానికి తిరిగివచ్చాడు. మైకును పీఠంలో ఉంచి వెళ్లినవాడు మాట తప్పాడన్న దెప్పిపొడుపులు వచ్చాయి. పోటీ బహుమతులకు దూరంగా ఉంటానన్న షరతుతోనే తిరిగివచ్చిన ఆ గాయకుడు మొదటి విడత కన్నా ఎంతో స్వేచ్ఛగా కనిపించాడు. జపనీస్ బాణీల మీద ఆధారపడడం తగ్గింది, సొంతంగా బాణీలు కట్టడం పెరిగింది, లిన్ షీ అనే కవి ఆయనకు సరిజోడుగా దొరికాడు. 1996లో ఆయన బాణీకి లిన్ షీ రాసిన ‘రెడ్’ అన్న పాట ఆ కలయికకు మచ్చుతునక.

1996 డిసెంబర్‌లో హుంగ్‌హోమ్‌లో మొదలై 1997 కొత్త సంవత్సరంలోకి సాగిన కచేరీల్లో ఆయన ఆ పాటను నల్లని దుస్తులతో, ఎర్రగా మెరిసే ఎత్తు మడమల జోళ్లు తొడుక్కుని, మరో పురుష నర్తకుడితో టాంగోను తలపించే నృత్యం చేస్తూ పాడాడు. అది స్త్రీ వేషం కాదన్నది గమనించాలి. గొంతు మార్చలేదు, నడకలో దియెయీ జాడ లేదు. పూర్తిగా పురుషుడిగా ఉంటూనే పాదాల దగ్గర ఒక్క గుర్తును మార్చాడు. దాన్ పాత్రకు శతాబ్దాల సంప్రదాయం అండగా ఉంది, ఈ జోళ్లకు ఏ సంప్రదాయమూ అండ లేదు. అదే కచేరీల్లో ‘చందమామే నా మనసు’ అన్న అర్థం వచ్చే, తెరెసా టెంగ్ గొంతులో చైనీయులందరికీ చిరపరిచితమైన పాత ప్రేమపాటను ఆయన ప్రేక్షకుల్లో కూర్చున్న తల్లికీ, తన సహచరుడికీ అంకితం చేశాడు. ఏ ప్రకటనా చేయలేదు, తనకు తాను ఏ పేరూ పెట్టుకోలేదు. తల్లి పక్కన ఆ మనిషిని నిలిపి, పెళ్లిళ్లలో పాడుకునే పాట పాడాడంతే. చైనీయుల కుటుంబ మర్యాదలో తల్లితో సమానంగా పేరెత్తదగిన వ్యక్తి ఎవరో వినేవారందరికీ తెలుసు కాబట్టి అంతకు మించి చెప్పవలసిన అవసరం లేకపోయింది.

కొద్ది నెలలకే, 1997 మే నెలలో, వాంగ్ కార్‌వై ‘హ్యాపీ టుగెదర్’ కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి పురస్కారం పొందింది. హాంకాంగ్ నుంచి అర్జెంటీనాకు వెళ్లి, విడిపోతూ, మళ్లీ కలుస్తూ, ఇంటికి వెళ్లే డబ్బు లేక బ్యూనస్ ఎయిరిస్ గదిలో ఒకరినొకరు కాల్చుకు తినే ఇద్దరు పురుషుల కథ అది. టోనీ లియుంగ్ సహనశీలిగా, లెస్లీ చంచలుడిగా నటించారు. చేతులకు కట్లు కట్టుకుని ఇంట్లో పడి ఉన్న లెస్లీ పాత్ర, జ్వరంతో వణుకుతున్న స్నేహితుణ్ణి ఆకలేస్తోంది వంట చేయమని వేధించే ఘట్టం ఏ దంపతుల ఇంట్లోనైనా జరగదగినది. ఆ సినిమా గొప్పతనమంతా ఆ సాధారణత్వంలో ఉంది. ఇక్కడా పాత్రకు లోకం మన్నన ఇచ్చింది.

2000 జూలై 31న మొదలైన ‘ప్యాషన్’ కచేరీల పరంపర ఈ వ్యాసపు వాదానికి కేంద్రం. ఫ్రెంచి దుస్తుల రూపశిల్పి జాన్ పాల్ గోతియె దీనికి బట్టలు తయారుచేశాడు. తెల్లని ఈకలతో దేవదూత రూపంలో ప్రవేశించి, మెట్టు మెట్టుగా మానవుడై, చివరకు దయ్యపు అందంలోకి జారే ఒక మనిషి ప్రయాణంగా లెస్లీ దాన్ని ఊహించాడు. నడుము దాకా వేలాడే జుట్టు, నునుపు చేయని గడ్డం, ఛాతీ కనిపించే పలుచని చొక్కా, లంగాను పోలిన కింది వస్త్రం ఒకే శరీరం మీద కలిసి ఉన్నాయి. ఆ రాత్రులు పాడిన పాటల్లో ‘నేను’ అని అర్థం వచ్చే ఏకాక్షర శీర్షిక గల పాట ప్రధానమైనది. బాణీ ఆయనది, మాటలు లిన్ షీవి.

మర్నాటి స్థానిక పత్రికలు ఆ జుట్టును చూసి దయ్యాల సినిమాలో బావిలోంచి వచ్చే ప్రేతంతో పోల్చాయి, ఆడవేషం కట్టాడని ఎగతాళి చేశాయి. పాట ఎలా ఉందన్న ప్రశ్న ఆ రాతల్లో వెనక్కి పోయింది. ఈ ఎగతాళి అన్యాయమైనది, అంతకు మించి అజ్ఞానంతో కూడినది. ఏడేళ్ల కిందట నగలతో, కిరీటంతో, ముఖం నిండా రంగుతో పూర్తి స్త్రీ వేషంలో కనిపించినప్పుడు ఇదే నగరం ఆయన్ను చూసి పొంగిపోయింది. అప్పుడు ఆయన మరొకరి పేరుతో, చరిత్ర అనే దూరపు తెర వెనుక, చివరికి మరణించే పాత్రగా ఉన్నాడు. ఇప్పుడు సొంత పేరుతో, సజీవంగా, సుఖంగా, ఎవరినీ క్షమించమని అడగకుండా ఉన్నాడు. స్త్రీత్వాన్ని ధరించినందుకు దియెయీ బాధపడ్డాడు గనుక జనం జాలిపడ్డారు. లెస్లీ బాధపడకపోవడమే పత్రికలకు నచ్చలేదు. జపాన్‌తో సహా పలుచోట్ల ఆ కచేరీలకు ఆదరణ బాగానే ఉంది, 2001 ఏప్రిల్ దాకా అవి సాగాయి. సొంత ఊళ్లో తగిలిన మాట మాత్రం వేరే ఊళ్లో దొరికిన చప్పట్లతో మానేది కాదు. 2001లో ఆయన ఒక బాలే నర్తకుడితో కలిసి చిత్రించిన పాట వీడియోను హాంకాంగ్ ప్రధాన టెలివిజన్ సంస్థ ప్రసారం చేయడానికి నిరాకరించింది. అందులో ఇద్దరు పురుషుల సాన్నిహిత్యం ఉంది తప్ప అశ్లీలమంటూ ఏదీ లేదు.

2002లో వచ్చిన ‘ఇన్నర్ సెన్సెస్’ ఆయన ఆఖరి సినిమా. దానిలో గతం వెంటాడే మానసిక వైద్యుడి పాత్ర ఆయనది. దర్శకుడిగా సొంత సినిమా తీయాలన్న కోరిక పెట్టుబడి సమకూరక నిలిచిపోయింది. ఆ కాలంలో ఆయన తీవ్రమైన మానసిక కుంగుబాటుతో బాధపడుతున్నాడు. కుంగుబాటు ఒక వ్యాధి. దానికి వైద్యం ఉంది, అది ఒక పాత్ర నుంచో ఒక విమర్శ నుంచో నేరుగా అంటుకునేది కాదు. అయినా 2003 ఏప్రిల్ 1న ఆయన నలభై ఆరేళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాక, ఆఖరి సినిమాలోని పాత్ర ఆవహించిందని, దియెయీ విధే లెస్లీ విధి అని రాతలు వెల్లువెత్తాయి. బతికి ఉన్నంతకాలం పాత్రకూ మనిషికీ మధ్య గీత గీసి మనిషిని తక్కువ చేసినవాళ్లే, చనిపోయాక ఆ గీత చెరిపి మనిషిని పాత్రలో కలిపేశారు. జబ్బుపడిన మనిషికి దక్కవలసిన మామూలు గౌరవం ఈ రెండు పద్ధతుల్లోనూ లేదు.

ఆ వార్త వచ్చిన రోజు ఏప్రిల్ మొదటి తేదీ కావడంతో చాలామంది దాన్ని ఏప్రిల్ ఫూల్ పరిహాసమనుకున్నారు. నగరం అప్పటికే సార్స్ వ్యాధి గుప్పిట్లో ఉంది. ఆ వ్యాధి హాంకాంగ్‌లో 1,755 మందికి సోకి 299 మందిని బలిగొంది. గుంపులుగా చేరవద్దన్న భయం అంతటా ఉన్నా, ఏప్రిల్ 8న అంత్యక్రియల నాడు వేలాది మంది ముఖాలకు మాస్కులు కట్టుకుని నార్త్ పాయింట్ వీధుల్లో నిలబడ్డారు. అభిమానులు ఆయన్ను కాంటనీస్‌లో ‘గోర్‌గోర్’, అంటే అన్నయ్య, అని పిలిచేవారు; ఆ రోజు వీధుల్లో వినిపించిన పేరు అదే. ‘రూజ్’లో ఆయన పక్కన నటించిన, వేదిక మీద ఆయనకు చిరకాల సహచరి అయిన అనితా మూయ్ ఆ ఏడాది డిసెంబర్ 30న క్యాన్సర్‌తో మరణించింది. కాంటోపాప్ ఉచ్చదశ ఆ ఏడాదితో ముగిసిందని కొందరు లెక్కిస్తారు.

చైనీయుల ఆచారంలో మరణ ప్రకటనను పత్రికల్లో ముద్రించేటప్పుడు బంధువుల పేర్లను వరుస తప్పకుండా, ప్రతి పేరు పక్కన చనిపోయిన వ్యక్తితో ఉన్న చుట్టరికాన్ని తెలుపుతూ వేస్తారు. భార్య, కొడుకు, తోబుట్టువు అని ప్రతి ఒక్కరికీ ఒక మాట ఉంటుంది, ఆ మాట లేకపోతే ఆ జాబితాలో చోటు లేదు. లెస్లీ మరణ ప్రకటనలో అన్నిటికన్నా ముందు వేసిన పేరు ఆయన సహచరుడిది. ఆ సంబంధానికి చట్టంలోనూ ఆచారంలోనూ మాట లేదు గనుక, ఆ పేరు పక్కన కుటుంబం ‘ప్రాణప్రియుడు’ అన్న అర్థం వచ్చే రెండక్షరాలను వేయించింది.